మోటుపల్లి నుంచి జీడిమెట్ల దాకా: సరుకు వెంట నడిచిన నమ్మకం

తెలుగు తీరపు వర్తక చరిత్ర రాసినవారు ఓడలను లెక్కపెట్టారు, సుంకాలు కూడారు, రేవుల వైభవాన్ని వర్ణించారు. అవన్నీ కావలసినవే. ఆ చరిత్రలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకున్నది మాత్రం సరుకు చేతులు మారిన తీరు. దక్కను నల్లరేగడిలో పండిన పత్తి లంబాడీల ఎద్దుల మీద కోస్తాకు దిగేది. పల్లె ఆడవాళ్ల రాట్నాల మీద నూలయ్యేది. సాలెల, దేవాంగుల మగ్గాల మీద గుడ్డయ్యేది. చాకలి రేవులో తెల్లబడి, చిరివేరు రంగులో ఎర్రబడి, షావుకారు కొట్లో మడతపడి, ఓడెక్కి జావా, సుమత్రా, పారసీక తీరాలకు చేరేది. దారిలో పది చేతులు. ఆ పదింటికీ ఒక యజమాని లేడు, ఒకే చట్టం లేదు, చాలాసార్లు ఒకే రాజు కూడా లేడు. అయినా శతాబ్దాల తరబడి ఆ గొలుసు తెగలేదు. గుజరాతుతో, బంగాళంతో సరితూగుతూ మన తీరం ప్రపంచ విపణిలో నిలిచింది. మగ్గం మీది పనితనం ఒక్కటే ఇందుకు కారణం కాదు. వర్తక గృహానికీ వర్తక గృహానికీ మధ్య, షావుకారుకూ నేతగాడికీ మధ్య, ఎవరు ఎవరికి ఎంతవరకు పూచీ అన్న ఏర్పాటు ఒకటి ఉండేది. ఆ ఏర్పాటు నిలిచినంతకాలం మన సరుకు గెలిచింది. అది ఒక పక్షానికి ఒరిగిపోయినప్పుడు పనితనం చేతిలో ఉండి కూడా ఓడిపోయాం. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల ఈ కథను ఆ దారి వెంట ఒకసారి తిరిగి చూడాలి.

కాకతీయుల కాలానికే ఈ నేల మీద వర్తక సంఘాలు వేళ్లూనుకున్నాయి. కన్నడదేశంలోని ఐహొళె పేరు మీద వెలసిన అయ్యావళి ఐదువందలవారు దక్షిణాపథమంతా వ్యాపించారు. సుమత్రాలోని బరూస్ దగ్గర లోబు తువాలో 1088 నాటి తమిళ శాసనం వారు సముద్రం మీద ఎంతదూరం వెళ్లారో చెబుతుంది. తెలుగు శాసనాల్లో నకరం, ఉభయ నానాదేశి పెక్కండ్రు, స్వదేశి పరదేశి బేహారులు అన్న మాటలు తరచూ ఎదురవుతాయి. నూనె వ్యాపారం తెలికి వేవురిది. ఈ పేర్ల వెనుక ఉన్నది ఒక పని పద్ధతి. ఓరుగల్లు వర్తకుడు కంచిలోని వర్తకుణ్ణి ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. అతడు పంపిన మూటను ఇతడు తీసుకునేవాడు, ఎందుకంటే ఇద్దరూ ఒకే సమయానికి, అంటే ఒకే వర్తక సంఘానికి లోబడినవారు. కొలతలను ఆ సంఘం ఒప్పుకోవాలి, తగవు వస్తే తీర్పు ఆ సంఘం చెప్పాలి, దారిలో బిడారుకు కాపలా ఆ సంఘం పెట్టాలి. ప్రతి మూట మీదా ఇంత అని మగమ వసూలు చేసి గుడికి ఇచ్చేవారు. ఆ ధర్మం వెనుక లౌక్యం కూడా ఉంది. మగమ చెల్లించినవాడి పేరు పదిమందికీ తెలుస్తుంది, పదిమందికీ తెలిసినవాడు మాట తప్పితే ఆ పదిమందిలోనూ చెల్లడు. కోర్టు లేని కాలంలో వెలివేతే కోర్టు. ఈ కట్టుబాటు కులానికీ బంధుత్వానికీ ముడిపడి ఉండడం వల్ల బయటివాడికి అందులో చోటు దొరకడం కష్టమయ్యేది. ఆ లోపం కూడా ఆ బలంలోనే కలిసి ఉంది. తర్వాతి శతాబ్దాలన్నిటా అది మనకు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

వర్తకుల మధ్య ఉన్న ఈ కట్టుబాటుకు రాజు తోడైన సన్నివేశం 1244 నాటి మోటుపల్లి శాసనం. తుఫానుకు చిక్కి ఓడ ఒడ్డున పగిలితే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజువే అన్నది అంతకుముందు ఆచారం. కాకతి గణపతిదేవుడు ఆ హక్కును వదులుకున్నాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోమని అభయమిచ్చాడు, ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒకటి అని రేటు కూడా చెక్కించాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టునూలు, రాగి, మిరియాలు అంటూ సాగే ఆ జాబితాను చదువుతుంటే రేవు కళ్లకు కడుతుంది. అయితే ఆ శాసనం గొప్పతనం దయలో కంటే లెక్కలో ఉందని నా అభిప్రాయం. గాలివానను రాజు ఆపలేడు. గాలివాన తర్వాత ఏం జరుగుతుందో ముందే చెప్పగలడు. అలా చెప్పిన మరుక్షణం, తన ఓడ లేని వర్తకుడు కూడా వేరొకరి ఓడలో సరుకు వేయడానికి ధైర్యం చేస్తాడు, అతడికి అప్పు ఇచ్చేవాడు వడ్డీ ఎంత వేయాలో లెక్కకట్టుకోగలుగుతాడు. ఆ శతాబ్దం చివర ఈ తీరాన్ని గురించి రాసిన మార్కో పోలో ఇక్కడి సన్నని గుడ్డను సాలెగూటితో పోల్చాడు. 1323లో ఓరుగల్లు పడిపోయాక చెదిరిన వర్తకులను తిరిగి రప్పించడానికి 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్లీ అభయం ప్రకటించవలసి వచ్చింది. రాజ్యం మారితే మాట కూడా మళ్లీ కొత్తగా ఇవ్వాలి, లేకపోతే ఓడ రాదు.

రెడ్డిరాజుల కాలంలో వర్తక గృహం ఎంత ఎత్తుకు ఎదిగిందో తెలియడానికి శ్రీనాథుడి హరవిలాసం ఒక్కటి చాలు. ఆ కావ్యాన్ని ఆయన అంకితమిచ్చింది రాజుకు కాదు, అవచి తిప్పయ సెట్టికి. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చినవాడు ఆ సెట్టి. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు తెప్పించిన కుటుంబమది. అన్నదమ్ములు కలిసి నడిపిన ఆ వ్యాపారం చేయి చాపినంత దూరమూ ఎవరో ఒక భాగస్వామి ఉండి ఉండాలి. హురుమంజిలో గుర్రం కొనేవాడు ఒకడు, దాన్ని ఓడ ఎక్కించేవాడు ఇంకొకడు. కొండవీటి సెట్టి పేరు చెబితే అక్కడ చెల్లింది కాబట్టే ఇక్కడ వసంతోత్సవం జరిగింది.

బందరు రంగం మీదికి వచ్చేసరికి కథ పెద్దదవుతుంది. గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవైన మచిలీపట్నానికి, అంటే బందరుకు, 1605లో డచ్చి కంపెనీవారు, 1611లో ఇంగ్లీషు కంపెనీవారు వచ్చారు. వారి దగ్గర వెండి ఉంది, ఫిరంగులున్నాయి, సుగంధ ద్రవ్యాల దీవులకు దారి తెలుసు. ఆ దీవుల్లో లవంగం, జాజికాయ అమ్మేవారికి కావలసింది వెండి కాదు, మన కోరమాండల్ తీరపు గుడ్డ. ఆ గుడ్డ పుట్టే పల్లెల్లో వారికి తెలిసినవారు ఎవరూ లేరు. ఓడ వచ్చేది గాలిని బట్టి, ఒక రుతువులో. గుడ్డకు పట్టేది నెలలు. అందువల్ల ఓడ రాకముందే డబ్బు పల్లెకు చేరాలి, ఓడ వచ్చేసరికి గుడ్డ రేవుకు చేరాలి. ఈ రెండు ప్రయాణాలనూ కలిపినవారు మన వర్తకులు. కంపెనీ ఇచ్చిన బయానా పెద్ద వర్తకుడి చేతికి, అక్కడి నుంచి చిన్న షావుకారుకు, అతడి నుంచి నేతవారి పెద్దకు, చివరికి మగ్గానికి చేరేది. పుంజాల లెక్కన నేత సాంద్రత, మచ్చు గుడ్డతో సరిపోలిన రంగు, పొడవు, వెడల్పు ముందే నిర్ణయించేవారు. మధ్యలో ఎవరైనా డబ్బు ఎగ్గొడితే, కరువు వచ్చి నేతగాడు ఊరు విడిచిపోతే, ఆ నష్టం మోసేది వర్తకుడే. కంపెనీ పుస్తకాల్లో 'దళారీ' అని తేలిగ్గా రాసిన మనిషి నిజానికి ఆ గొలుసు మొత్తానికి పూచీదారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ మొత్తం వ్యవస్థలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది మగ్గం దగ్గరి ఒప్పందం. గుడ్డ పూర్తయ్యేలోగా బజారులో ధర పెరిగితే నేతగాడు తీసుకున్న బయానా తిరిగి ఇచ్చేసి ఆ గుడ్డను వేరొకరికి అమ్ముకోవచ్చు. ధర పడిపోయిందన్న సాకుతో షావుకారు మాత్రం ఒప్పందం విడవడానికి వీల్లేదు. పైకి చూస్తే ఇది ఒకవైపే మొగ్గిన ఏర్పాటు. ఆలోచిస్తే ఇందులోని న్యాయం తెలుస్తుంది. బలవంతుడు మాటకు కట్టుబడి ఉండాలి, బలహీనుడికి తప్పుకునే దారి ఉండాలి. నేతగాడు తన మగ్గం ఎత్తుకుని వేరే రాజ్యంలోకి వెళ్లిపోగలడన్న భయం షావుకారుకూ, జమీందారుకూ ఉండేది. ఆ భయమే మర్యాదగా మారింది. మన గుడ్డ లోకమంతా చెల్లడానికి చౌక కూలీయే కారణమని చాలాకాలం నమ్మారు. పద్దెనిమిదో శతాబ్దపు దక్షిణభారత నేతగాళ్ల సంపాదనను ఇంగ్లండు నేతగాళ్ల సంపాదనతో పోల్చి చూసిన చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి, తిండిగింజల ధరతో కలిపి లెక్కవేస్తే మనవారి బతుకు తీసిపోలేదని వాదించాడు. ధాన్యం చౌక, ఒప్పందం గట్టిది, నేతగాడికి బేరమాడే సత్తువ ఉంది. పనితనం నిలవడానికి ఇంతకంటే మంచి నేల ఏముంటుంది?

వర్తకుల పక్షాన కూడా పదిహేడో శతాబ్దంలో ఒక పెద్ద మలుపు వచ్చింది. మద్రాసులో ఇంగ్లీషు కంపెనీకి ప్రధాన వర్తకులుగా ఉన్న బేరి తిమ్మన్న, కాశీ వీరన్న తెలుగువారు. కోటకు వచ్చే సరుకు దాదాపుగా వారి చేతుల మీదుగానే నడిచేది. 1680లో వీరన్న మరణించినప్పుడు కోట మీద ఫిరంగులు పేల్చి గౌరవించారు. ఒక దేశీయ వర్తకుడికి పరాయి కోట ఇచ్చిన ఆ మర్యాద వెనుక గౌరవం ఉంది, భయం కూడా ఉంది. ఒక్క మనిషి మీద ఇంత ఆధారపడితే అతడు పోయాక ఏమిటి? పులికాట్‌లో డచ్చివారు 1660ల నుంచి ఒక మార్గం తొక్కారు. వర్తకులు తలా కొంత మూలధనం వేసి, వాటాల ప్రకారం లాభనష్టాలు పంచుకుని, కంపెనీకి ఉమ్మడిగా పూచీ పడే సంఘాలు ఏర్పాటు చేయించారు. వీరన్న తర్వాత ఇంగ్లీషువారూ మద్రాసులో అదే పద్ధతి తెచ్చారు. ఇవి పైనుంచి రుద్దినవని కొందరు, మన సంఘాల పాత ధోరణికి కొత్త రూపమని కొందరు అంటారు. రెండూ నిజమేనని నాకనిపిస్తుంది. పెక్కండ్ర కాలం నుంచి ఉమ్మడి పూచీ అలవాటైన వారికి వాటాల సంఘం పూర్తిగా పరాయిదై ఉండదు. అయితే పూర్వం సంఘం ఎవరికీ లోబడేది కాదు, ఈ కొత్త సంఘం ఒక్క కొనుగోలుదారు కోసం ఏర్పడింది. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ఎంత గట్టి సంఘమైనా సగం బలమే.

ఆ సగం బలం కూడా తర్వాతి శతాబ్దంలో పోయింది. 1759లో ఇంగ్లీషువారు ఫ్రెంచివారి నుంచి మచిలీపట్నం పట్టుకున్నారు. కొద్ది సంవత్సరాల్లోనే ఉత్తర సర్కారులు వారి వశమయ్యాయి. దానితో కొనేవాడే పాలకుడయ్యాడు. ఇంజరం, మాధవాయిపాలెం వంటి స్థావరాల్లో కంపెనీ మధ్యవర్తి వర్తకులను తొలగించి, జీతగాళ్లైన గుమాస్తాలను నియమించి, నేతగాళ్లతో నేరుగా వ్యవహరించడం మొదలుపెట్టింది. ఖర్చు తగ్గుతుందన్నది వారి లెక్క. బయానా తిరిగి ఇచ్చి తప్పుకునే హక్కు పోయింది. కంపెనీ డబ్బు తీసుకున్న మగ్గం మీద వేరొకరి గుడ్డ నేస్తే నేరం. ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతును కూర్చోబెట్టి ఆ బంట్రోతు బత్తాను కూడా నేతగాడి దగ్గరే వసూలు చేసేవారు. 1798 ప్రాంతంలో గోదావరి మండలపు నేత గ్రామాలు తిరగబడ్డాయి. తమ సేనాపతుల, అంటే కులపెద్దల, నాయకత్వంలో ఊళ్లకు ఊళ్లు కదిలి గుమాస్తాల దౌర్జన్యాన్ని విన్నవించుకున్నాయి. వారు అడిగినవాటిలో కొత్త కోరికలు తక్కువ, పూర్వం ఉన్న మర్యాదనే తిరిగి అడిగారు.

యంత్రం వచ్చి మన నేతను చంపిందని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. అది నిజమే, పూర్తి నిజం మాత్రం కాదు. మాంచెస్టరు గుడ్డ మన సంతల్లోకి విరివిగా దిగింది 1813లో కంపెనీ గుత్తాధిపత్యం రద్దయ్యాక. ఆపాటికే మన గొలుసులోని కీళ్లు అరిగిపోయి ఉన్నాయి. నష్టం మోయగల వర్తకుడు లేడు. బేరమాడగల నేతగాడు లేడు. కొత్త విపణి వెతికి పెట్టేవాడు లేడు. కంపెనీ తన కొనుగోళ్లను ఆపేసినప్పుడు ఆ పల్లెలకు ప్రత్యామ్నాయం చూపేవారే కరువయ్యారు. ఆపైన 1832-33లో నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. పోటీలో ఓడిపోవడానికి ముందే పోటీకి దిగే ఏర్పాటును పోగొట్టుకున్నాం. ఈ వరస గుర్తుంచుకోదగినది.

పందొమ్మిదో శతాబ్దపు మిగతా భాగాన్ని కొద్ది మాటల్లో దాటవచ్చు. చీరాల ప్రాంతపు గళ్ల రుమాళ్లు పడమటి ఆఫ్రికా దాకా వెళ్లి ఆ పాత వర్తకపు జాడను నిలబెట్టాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో ధాన్యం, ధాన్యంతో మిగులు, మిగులుతో కొత్త వర్తకం పుట్టాయి. రైసుమిల్లులు, పొగాకు బ్యారన్లు, చక్కెర కర్మాగారాలు వరుసగా వచ్చాయి. రైతు కుటుంబాల డబ్బు పరిశ్రమలోకి నడిచిన దారి ఇదే. ఆ దారిలో ఒక ముఖ్యమైన మైలురాయి మళ్లీ బందరులోనే నాటుకుంది. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్య అక్కడ ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. ఊరి షావుకారు మొహం చూసి ఇచ్చే అప్పు స్థానంలో కాగితం చూసి ఇచ్చే అప్పు వచ్చింది. పరిచయం లేనివాడికి కూడా తలుపు కొంత తెరుచుకుంది. తొంభై ఆరేళ్లకు పైగా నడిచి 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

ఇక మన కాలపు కథ, ఇందులో సరుకు గుడ్డ కాదు, మందు. 1961లో కేంద్ర ప్రభుత్వం ఔషధ సంస్థ ఐడీపీఎల్‌ను స్థాపించి, సోవియట్ సాయంతో హైదరాబాద్ బాలానగర్‌లో ఔషధ రసాయనాల కర్మాగారం కట్టించింది. అదే నగరంలో, తార్నాకలో, నేడు ఐఐసీటీగా పేరున్న ప్రాంతీయ పరిశోధనశాల ఉంది. 1970లో చేసిన పేటెంటు చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. మందుకు కాక మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇవ్వడంతో, కొత్త పద్ధతి కనిపెట్టగలిగిన రసాయన శాస్త్రవేత్తకు దారి దొరికింది. ఈ మూడూ కలిసిన చోట హైదరాబాద్ బల్క్ డ్రగ్, అంటే మందుల మూలపదార్థాల, పరిశ్రమ పుట్టిందని అందరూ రాస్తారు. నేను నాలుగోది చేరుస్తాను: ఐడీపీఎల్‌లో ఒకే షిఫ్టులో పనిచేసిన మనుషులు తర్వాత వేర్వేరు ఫ్యాక్టరీల యజమానులై కూడా ఒకరికొకరు తెలిసినవారిగా మిగిలారు. తాడేపల్లి పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి ఐడీపీఎల్ విడిచి భాగస్వాములతో 1976లో యూనిలాయిడ్స్, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్ నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆయన వెంట, ఆయన దగ్గర పనిచేసి, ఆయనతో పోటీపడి ఎన్నో సంస్థలు వెలిశాయి. హెటిరో స్థాపకుడు బండి పార్థసారథిరెడ్డి డాక్టర్ రెడ్డీస్ నుంచి వచ్చినవారే.

జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల్లో ఆ రోజుల్లో పనిచేసినవారిని అడిగితే ఆ అల్లిక ఎలా ఉండేదో చెబుతారు. ఒకరి ఉత్పత్తి మరొకరికి ముడిసరుకు. ఒకరి దగ్గర హైడ్రోజనేషన్ సదుపాయం ఉంటే నలుగురు అక్కడికే జాబ్‌వర్క్‌కు పంపుతారు. సాల్వెంటు అయిపోతే పక్క యూనిట్‌కు ఫోను చేసి నాలుగు డ్రమ్ములు తెప్పించుకుని వచ్చే వారం తిరిగి ఇస్తారు. బ్యాచ్ చెడితే ఎందుకు చెడిందో పాత సహోద్యోగిని అడుగుతారు. ఏ ఒక్క యూనిట్‌కూ అన్నీ ఉండనక్కరలేదు. వాడ మొత్తానికి అన్నీ ఉంటే చాలు. పెద్ద పెట్టుబడి లేని రసాయన శాస్త్రవేత్త రెండు రియాక్టర్లతో వ్యాపారంలోకి దిగగలిగింది అందువల్లే. విదేశీ కంపెనీలు ఒకే కప్పు కింద చేసే పనిని ఇక్కడ ఇరవై కప్పుల కింద చేసి ఇంకా చౌకగా అమ్మగలిగారు. ఈ అల్లికలో కూడా ఊరు, కులం, చుట్టరికం పనిచేశాయి. తెలిసినవాడికి దొరికిన క్రెడిట్ తెలియనివాడికి దొరకలేదు. ఇంకా పెద్ద తప్పు ఒకటుంది. ఒకరికొకరు పూచీపడిన ఆ సంస్థలు తమ గోడ అవతలి ఊళ్లకు పూచీపడలేదు. పటాన్‌చెరు చుట్టూ నక్కవాగు వెంట పల్లెల నీళ్లూ పొలాలూ పాడయ్యాక, రైతులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రాలు గాడిలో పడ్డాయి. నష్టం జరిగాక వచ్చిన ఉమ్మడితనం అది.

ఈ అల్లిక లోకానికి ఎంత మేలు చేయగలదో చూపించింది ఎయిడ్స్ మందుల ఘట్టం. 1990ల మొదట్లో ఐఐసీటీ డైరెక్టరుగా ఉన్న ఎ.వి. రామారావు బృందం ఏజడ్‌టీ తయారీకి పద్ధతి రూపొందించి ముంబయికి చెందిన సిప్లాకు అందించింది. 2001లో సిప్లా మూడు మందుల కలయికను రోజుకు డాలరు లోపు ధరకు ఇస్తానని ముందుకు వచ్చినప్పుడు ప్రపంచం నివ్వెరపోయింది. ఏడాదికి పది వేల డాలర్లు దాటే వైద్యం అది. 2003లో క్లింటన్ ఫౌండేషన్ కుదిర్చిన ఒప్పందాల్లో హైదరాబాద్‌కు చెందిన మ్యాట్రిక్స్ కూడా ఉంది. ఆ ఒప్పందాల తీరు గమనించదగ్గది. ఎంత కొంటారో కొనేవారు ముందుగా చెప్పారు. ఖర్చు ఎక్కడ పడుతుందో తయారీదారులు పుస్తకాలు తెరిచి చూపారు. ఇద్దరూ కూర్చుని ముడిసరుకు దాకా వెనక్కి వెళ్లి ధర తగ్గించారు. సాధారణంగా దాచుకునేదాన్ని ఎదుటివాడి ముందు పెట్టడం వల్ల ఆఫ్రికాలో లక్షలాది ప్రాణాలు నిలిచాయి. బందరు నుంచి గుడ్డ వెళ్లిన సముద్రాల మీదుగానే ఈ మందు వెళ్లిందని తలచుకుంటే తెలుగువాడిగా నాకు గర్వంగా ఉంటుంది.

2005 జనవరిలో మందుకే పేటెంటు ఇచ్చే చట్టం వచ్చాక సంబంధాల స్వభావం మారింది. అంతకుముందు విలువైనది ఎదుటివాడి పద్ధతిని మించే తెలివి. ఆ తర్వాత ఎదుటివాడి రహస్యాన్ని కాపాడే నిజాయితీకి కూడా ధర పలికింది. ఈ మార్పును చాలా ముందే పసిగట్టినవారు మురళి దివి. అమెరికా నుంచి వచ్చి అంజిరెడ్డితో కలిసి కెమినార్ సంస్థలో పనిచేసి, 1990లో తన సంస్థ దివీస్‌ను ప్రారంభించారు. చౌటుప్పల్‌లో ఒక కర్మాగారం, ఆ తర్వాత భీమునిపట్నం దగ్గర చిప్పాడలో మరొకటి కట్టారు. తయారైన మాత్రలతో తన కొనుగోలుదారులకు పోటీగా బజారులోకి వెళ్లకపోవడం దివీస్ విధానం. ఇంకా బజారులోకి రాని మందు ఫార్ములాను ఒక విదేశీ కంపెనీ ఇక్కడి ఫ్యాక్టరీ చేతిలో పెట్టడానికి ఇలాంటి హామీ కావాలి. ఔషధ రంగంలో ఈ బంధాన్ని నియమాలు మరింత బిగిస్తాయి. అమెరికాలో మందు నమోదు చేసేటప్పుడు దాని మూలపదార్థం ఏ ఫ్యాక్టరీలో తయారైందో కూడా నమోదవుతుంది. సరఫరాదారును మార్చాలంటే పరీక్షలు, పత్రాలు, అనుమతులు మళ్లీ మొదలుపెట్టాలి. ఒకసారి కుదిరిన సంబంధం ఏళ్ల తరబడి నిలుస్తుంది, ఒక చిన్న యూనిట్‌లో దొరికిన లోపం గొలుసు మొత్తాన్ని ఆపేస్తుంది.

మన వాడల మధ్య అల్లిక ఇంత బాగా ఎదుగుతున్న కాలంలోనే దాని కింది అంచు చైనా వైపు జారిపోయింది. పెన్సిలిన్-జి వంటి పులియబెట్టే పద్ధతి ఉత్పత్తులు అక్కడ చాలా చౌకగా దొరకడంతో ఇక్కడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కిలోకు కొన్ని రూపాయలు మిగులుతాయని పాత సరఫరాదారును వదులుకున్న నిర్ణయాలు అప్పటి లెక్కల్లో తప్పుగా కనిపించలేదు. 2020 మార్చిలో కోవిడ్ భయంతో ప్రభుత్వం పారాసెటమాల్ సహా 26 మూలపదార్థాలు, మందుల ఎగుమతిని నియంత్రించవలసి వచ్చినప్పుడు ఆ లెక్కల అసలు ఖరీదు బయటపడింది. అదే ఏడాది ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాలు ప్రకటించారు. అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ కాకినాడ తీరంలో నిర్మించిన పెన్సిలిన్-జి కర్మాగారం 2024లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఒకప్పటి కంపెనీ నేత స్థావరం ఇంజరం ఉన్న తీరమే అది.

ఈ సుదీర్ఘ చరిత్రలో తలకిందులైన విషయం ఒకటుంది. పదిహేడో శతాబ్దంలో కొనేవాడు తయారుచేసేవాడికి ముందు డబ్బిచ్చేవాడు. ఎంత పెద్ద కంపెనీ అయినా, మగ్గం కదలాలంటే నూలు ఖర్చూ తిండి ఖర్చూ ముందే పంపేది. ఇప్పుడు చిన్న యూనిట్ తన డబ్బుతో సాల్వెంటు కొని, తన డబ్బుతో జీతాలిచ్చి, సరుకు పెద్ద సంస్థకు పంపి, మూడు నాలుగు నెలలు బిల్లు కోసం ఎదురుచూస్తుంది. చిన్నవాడు పెద్దవాడికి అప్పు ఇస్తున్నాడు. నేతలో మాస్టర్ వీవర్ ఇచ్చే అడ్వాన్సు పాత పద్ధతిలోనే మిగిలింది. కొత్త పరిశ్రమలో అది తిరగబడింది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం 45 రోజుల్లోగా చెల్లించాలని చెప్పినా అది కాగితం మీదే ఉండిపోయింది. ఆదాయపు పన్ను చట్టంలోని 43బి(హెచ్) నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక, గడువులోగా చెల్లించని సొమ్మును ఆ ఏడాది ఖర్చుగా చూపుకునే వీలు పెద్ద సంస్థలకు పోయింది. సూక్ష్మ, చిన్న తరహా ఉత్పత్తి, సేవా సంస్థలకే ఆ రక్షణ. మధ్యతరహా యూనిట్‌కు లేదు, సరుకు కొని అమ్మే వర్తకుడికీ లేదు. గడువు గట్టిగా అడిగితే ఆర్డరు వేరొకరికి పోతుందేమోనన్న జంకు చిన్న యూనిట్లలో ఇంకా ఉంది. ఒక్కడే కొనేవాడి ముందు నిలబడిన వాటాల సంఘానికీ ఇదే జంకు ఉండి ఉండాలి. పెద్ద సంస్థలు ఆర్డరుతో పాటు ముడిసరుకు ఖర్చులో కొంత భాగం ముందుగా చెల్లించే పద్ధతికి తిరిగి రావాలని, ధర విపరీతంగా పెరిగితే చిన్న యూనిట్ మర్యాదగా తప్పుకునే వీలు ఒప్పందంలోనే రాయాలని నేను కోరుకుంటాను. ఈ రెండూ ఒకప్పుడు గోదావరి మండలపు మగ్గం దగ్గర అమల్లో ఉన్నవే.